ఐజాక్ బాబెల్

ఐజాక్ ఇమ్మాన్యుయిలోవిచ్ బాబెల్ (జూలై 13, 1894 - జనవరి 27, 1940) సుప్రసిద్ధ రష్యన్ కథకుడు, నాటక రచయిత, పాత్రికేయుడు. నల్లసముద్ర తీరాన గల ఒదెస్సా నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. 1920లో పోలండుకూ సోవియట్ రష్యాకూ మధ్య జరిగిన యుద్ధంలో మొదటి ఆశ్విక సైన్యం వెంట ప్రయాణించాడు. ఆ అనుభవాల ఆధారంగా వ్రాసిన కొనార్మియా అనే కథామాల ఇతనికి ప్రపంచ ఖ్యాతిని తెచ్చింది. కొనార్మియా అంటే రష్యన్ భాషలో ఆశ్విక సైన్యం అని అర్థం. ఇంగ్లీషు అనువాదాల వలన ఈ గ్రంథం రెడ్ కావల్రీ అనే పేరుతో ఎక్కువగా ప్రసిద్ధమయింది. చాలా వరకు కొద్ది పుటలకు మించని విడివిడి కథలను ఒకే గ్రంథంగా నిలబెట్టిన తీరు వలన కథానిక చరిత్రలో బాబెల్‌కు ప్రత్యేక స్థానం లభించింది. స్టాలిన్ పాలనలో 1939 మే నెలలో అరెస్టయి, ఎనిమిది నెలల తరువాత కాల్చి చంపబడ్డాడు.

బాల్యం, విద్యాభ్యాసం

బాబెల్ ఒదెస్సాలోని మోల్దవాంకా అనే పేటలో జన్మించాడు. బండ్లవాళ్ళు, కూలీలు, చిల్లర వర్తకులు, దొంగసరుకు వ్యాపారులు కలసి నివసించే పేట అది. ఇతని పసితనంలోనే కుటుంబం సమీపంలోని నికలాయెవ్ (ఇప్పటి మికలాయివ్) పట్టణానికి తరలి వెళ్ళింది. తండ్రి వ్యవసాయ యంత్రాల వర్తకుడు. కుటుంబం సంపన్నమైనది కాకపోయినా ఇబ్బందులు లేనిదే. బాబెల్ మాత్రం తరువాతి కాలంలో వ్రాసిన కథలలో తన బాల్యాన్ని ఉన్నదానికంటె పేదదిగా, కల్లోలమైనదిగా చిత్రించాడు. ఆ కథలను ఆత్మకథగా భావించి పొరబడినవారు అనేకులు.

జార్ చక్రవర్తుల పాలనలో యూదులకు నివాసం, విద్య విషయాలలో కఠినమైన ఆంక్షలు ఉండేవి. పాఠశాలలలో, విశ్వవిద్యాలయాలలో యూదు విద్యార్థుల సంఖ్యకు పరిమితి ఉండేది. 1905 అక్టోబరులో సామ్రాజ్యపు దక్షిణ పట్టణాలలో యూదులపై మూకదాడులు జరిగాయి. అప్పటికి బాబెల్ వయస్సు పదకొండేళ్ళు. అతని కుటుంబానికి ప్రాణహాని కలుగలేదు గాని ఆ దాడుల జ్ఞాపకం అతనిని విడువలేదు. ఇరవై ఏళ్ళ తరువాత వ్రాసిన నా పావురాల గూడు అనే కథలో, ప్రవేశ పరీక్షలో నెగ్గినందుకు బహుమతిగా పావురాలు కొనుక్కొని ఇంటికి వస్తున్న బాలుడు ఆ దాడిలో చిక్కుకుంటాడు. ఈ కథను బాబెల్ మాక్సిం గోర్కీకి అంకితమిచ్చాడు.

తరువాత కుటుంబం తిరిగి ఒదెస్సా చేరగా బాబెల్ అక్కడి వాణిజ్య పాఠశాలలో చదివాడు. ఇంటివద్ద తండ్రి పట్టుదల మేరకు హీబ్రూ భాష, బైబిలు, తాల్ముద్ అభ్యసించవలసి వచ్చింది. పాఠశాలలో ఒక ఫ్రెంచి ఉపాధ్యాయుని ప్రభావం వలన ఫ్రెంచి సాహిత్యంపై మక్కువ ఏర్పడి, పదిహేనేళ్ళ వయస్సులో ఫ్రెంచిలోనే కథలు వ్రాయనారంభించాడు. మొపాసా, ఫ్లోబేర్ ఇతని ఆరాధ్య రచయితలు. మొపాసా నుండి నేర్చుకున్న పొదుపు, తాల్ముద్ చదువులో అలవడిన తర్కం, ఒదెస్సా వీధుల వాడుకభాష ఈ మూడూ కలసినచోట బాబెల్ శైలి పుట్టిందని చెప్పవచ్చును.

యూదులపై ఆంక్షల కారణంగా ఒదెస్సా విశ్వవిద్యాలయంలో చోటు దొరకక, 1911లో కీవ్‌లోని వాణిజ్య విద్యాసంస్థలో చేరి 1916లో పట్టభద్రుడయ్యాడు. 1913లో కీవ్ పత్రిక ఒకదానిలో ముసలి ష్లోయ్‌మె అనే తొలి కథ అచ్చయింది. తండ్రితో వ్యాపార సంబంధాలు గల ఒక కీవ్ వర్తకుని కుమార్తె యెవ్గేనియా గ్రోన్‌ఫైన్‌తో ఇక్కడే పరిచయం కలిగింది. వీరి వివాహం 1919లో జరిగింది.

గోర్కీతో పరిచయం

1916లో బాబెల్ రాజధాని పెత్రోగ్రాద్ చేరాడు. యూదులు అక్కడ నివసించడానికి ప్రత్యేక అనుమతి కావాలి. బాబెల్ వద్ద అది లేదు. సంపాదకులు అనేకులు ఇతని కథలను తిప్పి పంపారు. చివరకు గోర్కీ తన లేతపిస్ పత్రికలో 1916 నవంబరులో రెండు కథలు ప్రచురించాడు. వాటిలో అశ్లీలత ఉన్నదని బాబెల్‌పై నేరారోపణ జరిగింది గాని 1917 ఫిబ్రవరి విప్లవంతో ఆ వ్యాజ్యం మూలపడింది.

గోర్కీ ఈ యువకునిలో ప్రతిభను గుర్తించాడు. జీవితానుభవం చాలదని కూడా గ్రహించాడు. జనం మధ్యకు వెళ్ళమని సలహా ఇచ్చాడు. బాబెల్ ఆ సలహాను అక్షరాలా పాటించాడు. రుమేనియా సరిహద్దులో సైనికుడిగా, గ్రామాలలో ధాన్యసేకరణ దళంలో సభ్యుడిగా, అచ్చుయంత్రశాలలో ఉద్యోగిగా, పత్రికా విలేకరిగా పలు పనులు చేశాడు. విప్లవ రక్షకభట సంస్థ చెకాలో కూడా పని చేసినట్లు తన సంక్షిప్త ఆత్మకథలో పేర్కొన్నాడు. దీనిపై పరిశోధకులలో ఏకాభిప్రాయం లేదు.

ఆశ్విక సైన్యంలో

1920లో బాబెల్ ఒదెస్సాలోని యుగ్‌రోస్తా వార్తాసంస్థ తరఫున మొదటి ఆశ్విక సైన్యానికి విలేకరిగా వెళ్ళాడు. ఈ సైన్యానికి అధిపతి సెమ్యోన్ బుద్యోన్నీ. సైనికులలో అధికులు డాన్, కుబాన్ ప్రాంతాల కొసాక్కులు. గుర్రం మీద పుట్టి పెరిగినవారని పేరు. యూదుల పట్ల వారికి గల ద్వేషం తరతరాలది. అట్టివారి మధ్యకు కళ్ళజోడు ధరించే, ఉబ్బసంతో బాధపడే, చదువుకున్న యూదు యువకుడు ఒకడు వెళ్ళడం ప్రాణాపాయమే. అందుచేత బాబెల్ కిరిల్ వసీల్యెవిచ్ ల్యూతొవ్ అనే రష్యన్ పేరుతో గుర్తింపు పత్రాలు తీసుకున్నాడు. ల్యూతి అనే రష్యన్ పదానికి క్రూరుడు, ఉగ్రుడు అని అర్థం. సైన్యం నడిపే క్రాస్నీ కవలెరిస్త్ పత్రికలో ఈ పేరుతోనే వార్తలు వ్రాశాడు.

ఆ నెలలలో బాబెల్ ఒక దినచర్య వ్రాసుకున్నాడు. మొదటి పుటలు పోగా మిగిలిన భాగం సెప్టెంబరు మధ్య వరకు సాగుతుంది. తొందరగా, తెగిన వాక్యాలలో వ్రాసుకున్న ఈ పుస్తకంలో పోలిష్ సైనికులూ కొసాక్కులూ ఒకరి తరువాత ఒకరు దోచుకున్న యూదు పట్టణాలు, ప్రార్థనా మందిరాలు, ఆకలి, తేనెపట్ల విధ్వంసం కనిపిస్తాయి. కొసాక్కుల ఎదుట యూదుడినని చెప్పలేడు. తాను బసచేసిన యూదు గృహాలలో సైతం అతడు రష్యన్‌గానే చెలామణి కావలసి వచ్చేది. వారి భాష, వారి ప్రార్థనలు, వారి భయం అన్నీ అర్థమవుతున్నా అర్థం కానట్లే కూర్చునేవాడు. తరువాత వ్రాసిన కథలన్నిటికీ మూలం ఈ రెండు ముఖాల బ్రతుకులోనే ఉన్నది.

ఆగస్టు చివర జమోస్త్య సమీపంలో ఆశ్విక సైన్యం తీవ్రంగా దెబ్బతిని వెనుకకు మరలింది. బాబెల్ అనారోగ్యంతో ఒదెస్సా చేరాడు.

కొనార్మియా కథల నిర్మాణం

ఈ కథలు 1923 నుండి ఒదెస్సా పత్రికలలోను, మయకోవ్‌స్కీ నడిపిన లెఫ్ లోను, వొరోన్‌స్కీ సంపాదకత్వంలోని క్రాస్నాయా నోవ్ పత్రికలోను వెలువడ్డాయి. 1926లో 34 కథలతో పుస్తకంగా వచ్చింది. పత్రికలలో వచ్చిన వరుస వేరు, పుస్తకంలోని వరుస వేరు. పుస్తకం కూర్చేటప్పుడు బాబెల్ కథలను పేర్చిన తీరులోనే దాని అంతరార్థం దాగి ఉన్నది.

రష్యన్ సాహిత్యంలో కథామాలలు అంతకుముందు లేకపోలేదు. 1831లో వచ్చిన పుష్కిన్ బెల్కిన్ కథలలో అయిదు కథలనూ బెల్కిన్ అనే కల్పిత రచయిత పేరు కలుపుతుంది. లేర్మొంతొవ్ రచన మన కాలపు వీరుడు (1840) అయిదు కథలతో కూడినది. అందులో కథలు కాలక్రమంలో ఉండవు. నాయకుడిని మొదట ఇతరుల మాటలలో, ఆ తరువాత అతని దినచర్యలో చూస్తాము. తుర్గేనెవ్ వేటగాని చిత్రాలలో (1852) తుపాకి భుజాన వేసుకొని పల్లెలు తిరిగే ఒక భూస్వామి కన్ను అన్ని కథలకూ దండలో దారం వలె ఉంటుంది. మన పంచతంత్రం, భేతాళ కథల వలె ఒక కథ కడుపులోనుండి మరొక కథ పుట్టే పద్ధతి కాదు ఇది. ప్రతి కథా విడిగా పూర్తి అయినదే. కలిపి చదివినప్పుడు మాత్రం ఏ ఒక్క కథలోనూ చెప్పని విషయం తెలియవస్తుంది.

బాబెల్ ఈ సంప్రదాయాన్ని తీసుకొని దానిలోని దారాన్ని దాదాపు కనబడనంత సన్నం చేశాడు. కొనార్మియాలో యుద్ధం ఎక్కడ మొదలయిందో, ఎవరు ఎందుకు ఓడారో చెప్పే కథ ఒక్కటీ లేదు. కొన్ని కథల చివర ఊరి పేరు, నెల, సంవత్సరం వేసి ఉంటాయి. అవి కథ వ్రాసిన తేదీలు కావు, సంఘటన జరిగినట్లు చెప్పబడిన తేదీలు. వీటి వలన పాఠకునికి తాను ఒక విలేకరి పుస్తకం చదువుతున్నానన్న భ్రమ కలుగుతుంది.

తొలి కథ జ్‌బ్రూచ్ దాటుట ఈ భ్రమకు మంచి ఉదాహరణ. నోవోగ్రాద్-వోలిన్‌స్క్ (2022 నుండి దీని పేరు జ్వ్యాహెల్) పట్టణం పట్టుబడిన తరువాత సైన్యం నది దాటడంతో కథ మొదలవుతుంది. కాని ఆ పట్టణం వద్ద పారే నది స్లూచ్. జ్‌బ్రూచ్ అక్కడికి చాలా దూరాన, పాత రష్యా, ఆస్ట్రియా సామ్రాజ్యాల సరిహద్దున ఉన్నది. స్వయంగా ఆ దారిన నడచి, రోజువారీ పుస్తకం వ్రాసుకున్న మనిషి నది పేరు మరచిపోయాడనుకోవడం కష్టం. సైన్యం ఒక ఏరు దాటిందని కాక ఒక ఎల్ల దాటిందని చూపడానికే ఈ మార్పు చేశాడని విమర్శకులు అనేకులు భావించారు. కథ చివర ల్యూతొవ్ ఒక యూదు గృహంలో నిద్రించి, తన ప్రక్కన పడుకున్న వృద్ధుడు నిద్రించడం లేదని, పోలిష్ సైనికులు చంపిన శవమని తెలుసుకుంటాడు. విజయవార్తతో మొదలయిన కథ రెండు మూడు పుటలలోనే ఒక కూతురి దుఃఖం వద్ద ఆగిపోతుంది. పుస్తకం మొత్తానికి నడక ఇదే.

కథలను కలిపే అంశాలలో మొదటిది కథకుడు. అధిక భాగం కథలలో నేను అని మాట్లాడేవాడు ల్యూతొవ్. బాబెల్ యుద్ధంలో పెట్టుకున్న మారుపేరే పాత్ర పేరయింది. అయినా ల్యూతొవ్, బాబెల్ ఒకరు కారు. నా మొదటి బాతు కథలో కళ్ళజోడు చూసి ఎగతాళి చేసిన కొసాక్కుల మెప్పు కోసం ల్యూతొవ్ ఇంటి యజమానురాలి బాతును బూటుకాలితో తొక్కి చంపుతాడు. సైనికులు అప్పుడు అతనిని తమ కూటిలోకి పిలుస్తారు. అతడు వారికి పత్రికలోని లెనిన్ ఉపన్యాసం చదివి వినిపిస్తాడు. ఆ తరువాత వచ్చే దొల్గుషోవ్ మరణం కథలో, పొట్ట చీలి పడి ఉన్న ఒక సైనికుడు తనను కాల్చి బాధనుండి విముక్తుని చేయమని వేడుకుంటే ల్యూతొవ్ చేయలేకపోతాడు. ఆ పని స్నేహితుడు అఫోన్కా బిదా చేస్తాడు; చేసి, తుపాకి ల్యూతొవ్ వైపు త్రిప్పుతాడు. యుద్ధం తరువాత అనే కథలో ల్యూతొవ్ తూటాలు లేని తుపాకితో దాడికి వెళ్ళాడన్న సంగతి బయటపడుతుంది. బాతును చంపగలిగినవాడు మనిషిని చంపలేడు. ఈ మూడు కథలలో ఏ ఒక్కటి చదివినా ల్యూతొవ్ పిరికివాడో, క్రూరుడో, దయాళువో అనిపిస్తుంది. మూడూ కలిపి చదివితేనే అతని సంకటం బోధపడుతుంది.

రెండవ అంశం మరలి వచ్చే పాత్రలు. దళాధిపతి సవీత్‌స్కీ ఒక కథలో ఠీవిగా కనిపించి, గుఱ్ఱం కథ అనే మరొక దానిలో పదవి పోగొట్టుకొని, సహచరుడైన ఖ్లేబ్నికొవ్ నుండి లాక్కున్న తెల్ల గుఱ్ఱాన్ని ఇవ్వననే మనిషిగా తేలుతాడు. ఆ కథకు కొనసాగింపు చాలా పుటల తరువాత ఉత్తరాల రూపంలో వస్తుంది. జితోమిర్ పట్టణంలోని ముసలి దుకాణదారు గెదాలి, రబ్బీ, రబ్బీ కొడుకు అనే మూడు కథలు కూడ ఇట్లాగే ఒకదానికొకటి దూరంగా ఉండి కలుస్తాయి. రబ్బీ ఇంట్లో శుక్రవారం రాత్రి విందులో ఒక మూల కనిపించిన యువకుడు ఇల్యా, పుస్తకం చివర సైన్యపు రైలుబండిలో ఎర్ర సైనికునిగా మరణిస్తాడు. అతని సంచిలో లెనిన్ చిత్రం, మధ్యయుగపు యూదు తత్త్వవేత్త మైమొనిదీస్ చిత్రం ప్రక్కప్రక్కన ఉంటాయి.

మూడవది భిన్నమైన గొంతులు. కొన్ని కథలలో ల్యూతొవ్ లేఖకుడు మాత్రమే. ఉత్తరం అనే కథలో కుర్ద్యుకొవ్ అనే కుర్రవాడు తల్లికి ఉత్తరం చెప్పి వ్రాయిస్తాడు. ఇంటివద్ద విడచిన గుఱ్ఱపు పిల్ల క్షేమం అడిగిన అదే స్వరంతో, తండ్రి ఒక అన్నను చంపడం, మరొక అన్న తండ్రిని చంపడం తెలియజేస్తాడు. రచయిత ఒక్క మాట వ్యాఖ్యానించడు. ఉప్పు అనే కథ బల్మషోవ్ అనే సైనికుడు పత్రికా సంపాదకునికి వ్రాసిన జాబు. చంటిబిడ్డ తల్లినని నమ్మించి ఉప్పు మూటతో రైలెక్కిన స్త్రీని కాల్చివేసినందుకు అతడు గర్విస్తాడు. ఉపన్యాసాలలో విన్న పెద్ద మాటలు, పల్లె యాస కలగలసిన ఇతని భాష నవ్వు పుట్టిస్తుంది. అదే క్షణంలో భయం కూడ గొల్పుతుంది. కొసాక్కు గొంతు, ల్యూతొవ్ గొంతు మారిమారి వస్తున్నందువలన పుస్తకంలో తీర్పు చెప్పే అధికారం ఎవరికీ దక్కదు. సంతలో తిరిగే చిత్రకారుని కథ పాన్ అపోలెక్ కూడ ఇక్కడ గమనింపదగినది. అతడు ఊరిలోని కుంటివానిని, పతితగా ముద్రపడిన పిల్లను చర్చి గోడలపై ఋషులుగా, పుణ్యస్త్రీలుగా చిత్రిస్తాడు. బాబెల్ తన విద్యను తానే చెప్పుకున్న కథ ఇది అని భావింపవచ్చును.

పుస్తకం ముగింపు రెండు విధాలుగా ఉన్నది. 1926 నాటి కూర్పు రబ్బీ కొడుకు కథతో, ఇల్యా మరణంతో ముగుస్తుంది. ల్యూతొవ్ అతనిని సోదరునిగా గుర్తిస్తాడు. దాచుకున్న యూదుతనం అక్కడ బయటపడుతుంది. 1933 నాటి కూర్పులో బాబెల్ అర్గమాక్ అనే కథను చివర చేర్చాడు. అందులో ల్యూతొవ్ చాలా అవమానాల తరువాత గుఱ్ఱపుస్వారీ నేర్చుకుంటాడు. కొసాక్కులు అతని వైపు వింతగా చూడటం మానుకుంటారు. మొదటి ముగింపు ఒక తెగిన బంధుత్వాన్ని గుర్తు చేస్తే, రెండవది క్రొత్తవారిలో కలసిపోవడాన్ని చెబుతుంది. ఒక్క కథను చేర్చినంత మాత్రాన గ్రంథం అంతా దిశ మార్చుకోవడం కథామాలలలో తప్ప సాధ్యం కాదు. ఈ మార్పు కళాదృష్టితో జరిగిందా, కాలానికి తలవంచి జరిగిందా అన్నది వివాదాస్పదం. కొన్ని దశాబ్దాల పాటు పాఠకుల చేతికి అందినది రెండవ ముగింపే.

బుద్యోన్నీ విమర్శ

పత్రికలలో కథలు వచ్చినప్పుడు కొందరి అసలు పేర్లు అట్లాగే ఉన్నాయి. సవీత్‌స్కీ పాత్రకు మొదట ఉన్న పేరు తిమొషెంకో. తరువాతి కాలంలో సోవియట్ రక్షణ మంత్రి అయిన సెమ్యోన్ తిమొషెంకో ఇతడే. పుస్తకంలో పేర్లు మార్చినా కోపాలు చల్లారలేదు. 1924లో బుద్యోన్నీ ఒక పత్రికలో బాబెల్‌ను తీవ్రంగా దూషించాడు. తన వీరులను దోపిడిదారులుగా చిత్రించి, యుద్ధభూమిని దూరంనుండి మాత్రమే చూసినవాడని ఆరోపించాడు. 1928లో ఈ వివాదం ప్రావ్దా పత్రికకు ఎక్కింది. గోర్కీ బాబెల్ పక్షాన నిలచి, గోగోల్ తన కొసాక్కులను చిత్రించినదానికంటె బాబెల్ బుద్యోన్నీ సైనికులను గొప్పగా చిత్రించాడని సమాధానమిచ్చాడు.

ఇది కేవలం సాహిత్య వివాదం కాదు. మొదటి ఆశ్విక సైన్యానికి రాజకీయ ప్రతినిధి వొరొషీలొవ్. ఆ దండయాత్రలో నైఋతి సరిహద్దు సేనల రాజకీయ బాధ్యతలు చూసినవాడు స్టాలిన్. ఈ వర్గమే తరువాత దేశాన్ని ఏలింది. వారు తమ యౌవనపు వీరగాథగా భావించిన దానిని బాబెల్ వేరు విధంగా వ్రాసి ఉంచాడు. తరువాతి ముద్రణలలో త్రోత్‌స్కీ ప్రస్తావనలు తొలగింపబడ్డాయి.

ఒదెస్సా కథలు

బాబెల్ రెండవ ప్రసిద్ధ కథామాల ఒదెస్సా కథలు. వీటిలో మొదటిదైన రాజు 1921లో ఒదెస్సా పత్రిక మొర్యాక్‌లో వచ్చింది. మోల్దవాంకా దొంగల నాయకుడు బేన్యా క్రిక్ వీటికి కథానాయకుడు. 1919లో మరణించిన మీష్కా యపోన్చిక్ అనే బందిపోటు ఈ పాత్రకు నమూనా. ఇక్కడ కూడ కాలం తలక్రిందులుగా నడుస్తుంది. మొదటి కథలో బేన్యా అప్పటికే రాజు. ఒదెస్సాలో అది ఎట్లా జరిగింది అనే తరువాతి కథలో, శ్మశానం గోడపై కూర్చున్న ముసలి ఆర్యె-లైబ్ అతడు రాజు ఎట్లా అయ్యాడో వివరిస్తాడు. వినేవాడు ముక్కు మీద కళ్ళజోడు, మనస్సులో శరత్కాలం గలవాడు. అంటే ల్యూతొవ్ వంటివాడే. కొనార్మియా బిగుతుగా, చేదుగా ఉంటే ఈ కథలు పెళ్ళిభోజనం వలె పుష్కలంగా, నవ్వుతూ సాగుతాయి. 1927లో పూర్తయిన సూర్యాస్తమయం అనే నాటకంలో ఇదే కుటుంబం తిరిగి కనిపిస్తుంది.

నా పావురాల గూడు, తొలి ప్రేమ, నేలమాళిగలో, మేల్కొలుపు అనేవి బాల్యానికి సంబంధించిన మరొక వరుస. ఇది పుస్తకంగా పూర్తికాలేదు.

మౌనం

1920ల చివరినుండి బాబెల్ రచనలు తగ్గిపోయాయి. భార్య యెవ్గేనియా 1925లో పారిస్ వెళ్ళి అక్కడే స్థిరపడింది. తల్లి, సోదరి బ్రసెల్స్‌లో ఉండేవారు. బాబెల్ 1927-28లోను, 1932-33లోను పారిస్‌లో గడిపాడు. కుమార్తె నతాలీ 1929లో అక్కడే జన్మించింది. ఉండిపోవడానికి అవకాశం ఉన్నా రెండుసార్లూ తిరిగి వచ్చాడు. రష్యన్ భాష వినబడని చోట తాను వ్రాయలేనని భావించడం ఇందుకు ఒక కారణం. 1932 నుండి సుప్రసిద్ధ మెట్రో ఇంజనీరు అంతొనీనా పిరొష్కొవాతో పరిచయం ఏర్పడి, ఆమెతో కుటుంబ జీవితం గడిపాడు. వీరి కుమార్తె లీదియా 1937లో జన్మించింది.

1930లో బాబెల్ ఉక్రెయిన్ గ్రామాలకు వెళ్ళి, రైతుల భూములను బలవంతంగా సమష్టి క్షేత్రాలలో కలపడాన్ని కళ్ళారా చూశాడు. వెలీకయా క్రినీత్సా అనే పేరుతో ఒక క్రొత్త కథామాల ప్రారంభించాడు. అందులో గాపా గుజ్వా, కొలివూష్కా అనే రెండు మాత్రమే మిగిలాయి. మొదటిది 1931లో అచ్చయింది, రెండవది ఆయన జీవితకాలంలో వెలుగు చూడలేదు. కొలివూష్కా కథలో, అన్నీ పోగొట్టుకున్న రైతు చూలుతో ఉన్న తన గుఱ్ఱాన్ని తానే చంపుకుంటాడు. ఆ కాలంలో ఇటువంటి కథను అచ్చువేయగల సంపాదకుడు లేడు.

1934లో జరిగిన సోవియట్ రచయితల మొదటి మహాసభలో బాబెల్ తనపై వచ్చిన విమర్శకు సమాధానంగా, మౌనమనే సాహిత్య ప్రక్రియలో తాను నిష్ణాతుడనయ్యానని హాస్యమాడాడు. సభ నవ్వింది. నిజానికి ఆయన వ్రాయడం మానలేదు. ఒక్కొక్క కథను పదులసార్లు తిరగవ్రాసే అలవాటు ఆయనకు మొదటినుండీ ఉన్నది. అచ్చుకు ఇవ్వడం మాత్రం తగ్గించాడు. జీవనం కోసం చలనచిత్రాలకు పనిచేశాడు. ఐజెన్‌స్టైన్ చిత్రం బేజిన్ పచ్చికబయలుకు రెండవసారి స్క్రీన్‌ప్లే వ్రాయడంలో పాలుపంచుకున్నాడు. ఆ చిత్రం 1937లో నిషేధింపబడింది. 1936లో గోర్కీ మరణంతో బాబెల్‌కు ఉన్న ఒకే ఒక్క రక్షణ తొలగిపోయింది.

అరెస్టు, మరణం

1939 మే 15వ తేదీన మాస్కో సమీపంలోని పెరెదేల్కినోలో రచయితల విడిది గృహంలో బాబెల్ అరెస్టయ్యాడు. రహస్య పోలీసు అధిపతిగా పనిచేసి పదవి కోల్పోయిన యెజోవ్ భార్యతో బాబెల్‌కు పూర్వ పరిచయం ఉండటం ఆయనకు ముప్పు తెచ్చిన కారణాలలో ఒకటి. ఇంటినుండి 24 కాగితాల కట్టలు స్వాధీనం చేసుకున్నారు. లుబ్యాంకా చెరసాలలో ఒత్తిడికి లోనై త్రోత్‌స్కీ వర్గీయుడనని, ఫ్రాన్సు, ఆస్ట్రియాల గూఢచారినని ఒప్పుకున్నాడు. అక్టోబరులో ఆ వాంగ్మూలాన్ని వెనుకకు తీసుకున్నాడు. ఇతరులపై తాను చెప్పినవన్నీ అబద్ధాలని పలుమార్లు వినతులు వ్రాశాడు. 1940 జనవరి 26న సైనిక న్యాయస్థానం ఇరవై నిమిషాలలో విచారణ ముగించింది. చివరగా ఆయన కోరినది తన పని పూర్తిచేసుకోవడానికి అవకాశం ఒక్కటే. మరునాడు, జనవరి 27న, కాల్చి చంపారు. అస్థికలు మాస్కోలోని దొన్‌స్కొయే శ్మశానంలో సామూహిక సమాధిలో ఉన్నాయి.

కుటుంబానికి ఈ విషయం తెలుపలేదు. ఉత్తరప్రత్యుత్తరాలు లేని పదేళ్ళ శిక్ష పడినట్లు మాత్రం చెప్పారు. పిరొష్కొవా ఏళ్ళ తరబడి ఆయన బ్రతికే ఉన్నాడని ఎదురుచూసింది. 1954 డిసెంబరులో న్యాయస్థానం బాబెల్‌ను నిర్దోషిగా ప్రకటించింది. అప్పుడిచ్చిన ధ్రువపత్రంలో మరణ తేదీ 1941 మార్చి 17 అని ఉన్నది. అది కల్పితం. అసలు తేదీ సోవియట్ యూనియన్ చివరి సంవత్సరాలలో గాని వెల్లడి కాలేదు.

మరణానంతరం

1957లో ఇల్యా ఎరెన్‌బుర్గ్ ముందుమాటతో ఎంపిక చేసిన కథలు మాస్కోలో తిరిగి అచ్చయ్యాయి. దానికి రెండేళ్ళ ముందే అమెరికాలో లియొనెల్ ట్రిల్లింగ్ పీఠికతో ఇంగ్లీషు సంపుటం వెలువడి ఇంగ్లీషు కథకులపై గాఢమైన ప్రభావం చూపింది. 2002లో కుమార్తె నతాలీ సంపాదకత్వంలో సంపూర్ణ రచనలు ఇంగ్లీషులో వచ్చాయి. పిరొష్కొవా భర్త రచనల కోసం దశాబ్దాలు పాటుపడి, తన జ్ఞాపకాలను గ్రంథస్థం చేసి, 2010లో 101వ ఏట మరణించింది. 2011 సెప్టెంబరులో ఒదెస్సా నగరంలో, బాబెల్ నివసించిన ఇంటికి ఎదుట ఆయన విగ్రహాన్ని ప్రతిష్ఠించారు.

1920 నాటి దినచర్య మాత్రం పోలీసుల చేతికి చిక్కలేదు. బాబెల్ దానిని కీవ్‌లో పరిచయస్తుల ఇంట విడచినందువలన అది మిగిలింది. సోవియట్ యూనియన్ చివరి సంవత్సరాలలో సంపూర్ణంగా వెలువడింది. దానితోపాటు దొరికిన కథా ప్రణాళికలను బట్టి, పుస్తకంలోకి రాని కథలు మరికొన్ని బాబెల్ తలపెట్టినట్లు తెలుస్తున్నది. పెరెదేల్కినో, మాస్కోలలో స్వాధీనం చేసుకున్న 24 కట్టల కాగితాలు ఇప్పటివరకు లభించలేదు.